మూగబోయిన పాత గిటార్ పెడల్‌ను మళ్ళీ పలికించడం ఎలా?

గిటార్ పెడల్ అంటే గిటారుకూ ఆంప్లిఫైయర్‌కూ మధ్య పెట్టి, కాలితో నొక్కి ధ్వనిని మార్చే చిన్న పెట్టె. గోదావరి జిల్లాల్లో పాత గిటార్ పెడల్ బయటపడేది ఎక్కువగా రెండు చోట్ల. ఒకటి చర్చిలో వాద్యాలు దాచే బీరువా అడుగున, రెండోది ఎప్పుడో మూతపడిన ఆర్కెస్ట్రావారి ట్రంకుపెట్టెలో. పెళ్ళిళ్ళలో, తీర్థాల్లో, నవరాత్రి పందిళ్ళలో గిటారు వాయించిన తరం వీటిని కువైట్ నుంచో దుబాయ్ నుంచో సెలవుకు వచ్చే చుట్టాల చేత తెప్పించుకునేది. ఇప్పుడు మనవడు గిటారు నేర్చుకుంటూ దాన్ని బయటికి తీస్తాడు. కొత్త బ్యాటరీ పెడతాడు, చప్పుడు రాదు, ఇక పనికిరాదని తేల్చేస్తాడు. అంత తొందర అక్కర్లేదు. ఇలాంటి పెడల్స్‌లో లోపం చాలావరకు కరెంటు లోపలికి వెళ్ళే దారిలోనో, గిటార్ వైరు గుచ్చే జాక్‌లోనో, కాలితో నొక్కే స్విచ్‌లోనో ఉంటుంది. ధ్వనిని మలిచే అసలు సర్క్యూట్ చెక్కుచెదరకుండా ఉండటమే ఎక్కువ. కాబట్టి ఈ పనిలో వెతకడం ఎక్కువ, మార్చడం తక్కువ ఉండాలి.

ఉదాహరణగా బాస్ (Boss) కంపెనీవారి నారింజ రంగు డీఎస్-1 డిస్టార్షన్ (ధ్వనిని గరుకుగా చీల్చే) పెడల్‌ను తీసుకుందాం. 1978లో వచ్చిన మోడల్ ఇది. ఇప్పటికీ తయారవుతోంది కనుక దీని సర్క్యూట్ బొమ్మలకు కొదవ లేదు. మీ చేతిలో ఉన్నది 1979 నాటి ట్యూబ్ స్క్రీమర్ పెడల్ అయినా, మరొకటి అయినా వెతికే వరుస ఇదే. లోపల ఉండేది 9 వోల్టులే కాబట్టి షాక్ భయం లేదు, కొత్తవారు కూడా చేయవచ్చు. గోడ ప్లగ్గుకు పెట్టే అడాప్టర్ సంగతి వేరు. దాన్ని మాత్రం విప్పకండి.

దగ్గర ఉంచుకోవలసినవి

డిజిటల్ మల్టీమీటర్, సన్నని మొన ఉన్న 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్, 60/40 సోల్డర్ వైరు, పాత సోల్డర్ పీల్చే పంపు, ఐసోప్రొపైల్ ఆల్కహాల్, వాడని టూత్‌బ్రష్, కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే, కొత్త 9 వోల్ట్ బ్యాటరీ. రాజమండ్రి, కాకినాడ, భీమవరంలలో ఎలక్ట్రానిక్స్ విడిభాగాలు అమ్మే దుకాణాల్లో అడిగితే ఇవన్నీ దొరుకుతాయి. అరుదైన చిప్ కావాలంటే హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీనో, చెన్నై రిచీ స్ట్రీట్‌నో గాలించాలి.

టంకానికి వాడే ఫ్లక్స్ దగ్గర జాగ్రత్త. రోజిన్ ఫ్లక్స్ మాత్రమే వాడండి. ఇత్తడి గిన్నెలకు కళాయి పోసేవారు వాడే నవాసాగరం టంకాన్ని బ్రహ్మాండంగా పట్టిస్తుంది కానీ, సర్క్యూట్ బోర్డు మీద పడితే మన గాలిలోని తేమను పీల్చుకుని రాగి గీతలను తినేస్తుంది.

కరెంటు ఇవ్వకముందు

పెడల్ చేతికి రాగానే బ్యాటరీ పెట్టి చూడాలనిపిస్తుంది. ఆగండి. ముందు బ్యాటరీ గది తెరవండి. డీఎస్-1లో ముందువైపు ఉన్న మరను చేత్తో తిప్పితే కాలు పెట్టే పలక పైకి లేస్తుంది. ఏళ్ళ తరబడి లోపలే ఉండిపోయిన బ్యాటరీ కారి ఉంటే కనెక్టర్ మీద పొడిలాంటి పొర కనిపిస్తుంది. దాన్ని తుడిచే ముందు అది ఏ రకం బ్యాటరీయో చూడండి. ఆల్కలైన్ బ్యాటరీ నుంచి కారేది క్షారం, కాబట్టి వెనిగర్ గానీ నిమ్మరసం గానీ అద్దిన దూదితో తుడవాలి. చవకగా దొరికే మామూలు జింక్ కార్బన్ బ్యాటరీ నుంచి కారేది ఆమ్ల గుణం ఉన్న ద్రవం, దానికి నీళ్ళలో కలిపిన వంటసోడా. ఏది వాడినా చివర ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి ఆరబెట్టాలి. కనెక్టర్ వైరు పైతొడుగును కాస్త చీల్చి చూడండి. లోపలి రాగి నల్లగా మారి ఉంటే తుడిచి లాభం లేదు, కనెక్టర్‌నే మార్చేయాలి.

తర్వాత జాక్ రంధ్రాల్లోకి టార్చి వేసి చూడండి. నవ్వకండి, మన వైపు ఇది చూడవలసిన చోటే. గిటార్ జాక్ రంధ్రం సరిగ్గా కుమ్మరిపురుగు ఇష్టపడే సైజు. బీరువా తలుపు సందులోంచి దూరి, లోపల మట్టిగూడు కట్టి, మూతి మూసి వెళ్ళిపోతుంది. ప్లగ్గు లోపలికి పూర్తిగా దిగకపోతే చాలామంది బలంగా తోస్తారు. దాంతో గట్టిపడిన మట్టి వెనక్కి జరిగి జాక్ నాలుకను వంచేస్తుంది. ముందు పెడల్‌ను బోర్లించి, వెదురుపుల్లతో మట్టిని కొద్దికొద్దిగా రాల్చండి. ఇనుప పుల్ల వద్దు.

విప్పడం

అడుగు రేకుకు నాలుగు మరలుంటాయి. జపాన్‌లో తయారైన పాత పెడల్స్ మరల తలలు చూడటానికి మామూలు ఫిలిప్స్ స్టార్ లాగే ఉంటాయి కానీ అవి జేఐఎస్ అనే జపాన్ కొలత ప్రకారం చేసినవి. మామూలు స్క్రూడ్రైవర్ వాటిలో పూర్తిగా కూర్చోదు. బిగుసుకున్న మరను దానితో తిప్పితే జారి తల అరిగిపోతుంది. పాత జపాన్ టేప్‌రికార్డర్లు బాగుచేసిన మెకానిక్ దగ్గర సరైనది ఉండవచ్చు. తుప్పు పట్టి కదలకపోతే మర చుట్టూ ఒక్క చుక్క తుప్పు వదిలించే నూనె వేసి రాత్రంతా వదిలేయండి.

రేకు తీయగానే ఫోనుతో నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీయండి. ఏ రంగు వైరు ఎక్కడికి వెళ్తోందో స్పష్టంగా కనబడాలి. రేకుకూ బోర్డుకూ మధ్య ఒక ప్లాస్టిక్ పొర ఉంటుంది. అది చెత్త కాదు, బోర్డు వెనుక టంకాలు రేకుకు తగలకుండా కాపాడేది అదే. భద్రంగా పక్కన పెట్టండి.

ఉప్పు, ఒండ్రు

డెల్టాలో పెడల్ పాడయ్యే తీరు రెండు రకాలు. అంతర్వేది, ఉప్పాడ వంటి సముద్రపు ఒడ్డు ఊళ్ళలో ఉప్పుగాలి చేసే పని ఒకటి. జాక్‌ల మీద, వైర్ల చివర్ల మీద ఆకుపచ్చ చిలుము కనిపిస్తుంది. రెండోది వరద. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు లంక గ్రామాల్లో ఇళ్ళలోకి చేరిన నీరు తీశాక మిగిలింది ఒండ్రు. అది పెడల్‌లో చేరితే ఎండినట్టే కనిపిస్తుంది కానీ, వాతావరణం ముసురు పట్టిన ప్రతిసారీ తేమ పీల్చి, పక్కపక్క గీతల మధ్య కరెంటు పాకేలా చేస్తుంది. ఎండాకాలం బాగా పలికి, శ్రావణంలో గురగురలాడే పెడల్ అంటే అనుమానించవలసింది దీన్నే.

ఇక్కడ చాలామంది నేరుగా ఆల్కహాల్‌తో కడుగుతారు. దానితో జిగురు, పాత ఫ్లక్స్ పోతాయి గానీ ఉప్పు సరిగ్గా కరగదు. ఉప్పునూ ఒండ్రునూ తీసేది నీరే. ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ తెచ్చుకోండి. బోర్డును వంచి పట్టుకుని, తడిపిన బ్రష్‌తో ఒకే దిశలో మెల్లగా రుద్దండి. పొటెన్షియోమీటర్లు (నాబ్‌ల కింద తిరిగే భాగాలు), స్విచ్, జాక్‌లు తడవకూడదు. మురికి నీరు రావడం ఆగాక ఆల్కహాల్‌తో మరోసారి కడగండి, మిగిలిన తడిని అది వెంట తీసుకుపోతుంది. ఆపైన నీడలో, ఫ్యాను కింద ఒక పూర్తి రోజు ఆరనివ్వండి. రోహిణి కార్తె ఎండలో పెడితే త్వరగా ఆరుతుంది నిజమే, పాత ప్లాస్టిక్ వంకర పోయేదీ అప్పుడే.

చిలుము పట్టిన వైరు చివరను తుడిచి టంకం వేయాలని చూడకండి, పట్టదు. కొద్దిగా కత్తిరించి, మెరిసే రాగి వచ్చాక టంకం వేయండి.

కరెంటు వస్తోందా?

ఇప్పుడు కొత్త బ్యాటరీ తగిలించి, ఇన్‌పుట్ జాక్‌లో గిటార్ వైరు గుచ్చండి. గుచ్చకపోతే పెడల్‌కు కరెంటే అందదు. ఇన్‌పుట్ జాక్ స్టీరియో రకం. బ్యాటరీ మైనస్ వైరు దాని మధ్య వలయానికి కలిసి ఉంటుంది. మామూలు ప్లగ్గు దిగినప్పుడే ఆ వలయం భూమికి, అంటే సర్క్యూట్ అంతటికీ ఉమ్మడిగా ఉండే మైనస్ వైపుకు, తగిలి సర్క్యూట్ పూర్తవుతుంది. ప్రార్థన అయ్యాక వైరు పీకకుండా వెళ్ళిపోతే మరుసటి ఆదివారానికి బ్యాటరీ అయిపోయేది ఇందుకే.

మల్టీమీటర్‌ను 20 వోల్టుల డీసీ స్థానంలో పెట్టి, నల్ల పిన్నును జాక్ లోహానికి ఆనించి, ఎర్ర పిన్నుతో బోర్డు మీదికి ప్లస్ వచ్చే చోట చూడండి. 9కి దగ్గరగా ఉండాలి. సున్నా ఉంటే బ్యాటరీ కనెక్టర్, ఇన్‌పుట్ జాక్ వలయం చూడాలి. బ్యాటరీ తగిలించగానే వోల్టేజీ పడిపోయి బ్యాటరీ వేడెక్కుతుంటే వెంటనే తీసేయండి. ప్లస్, మైనస్ తారుమారైతే సర్క్యూట్‌ను కాపాడటానికి పెట్టిన డయోడ్ (కరెంటును ఒకే దిశలో పోనిచ్చే భాగం) షార్టయి ఉండవచ్చు.

ఈ డయోడ్‌కు మన చర్చిల్లో పెద్ద శత్రువు కీబోర్డు అడాప్టర్. పెడల్‌కు కావలసింది 9 వోల్టులు, ప్లగ్గు మధ్యలో మైనస్. కొన్ని కీబోర్డుల అడాప్టర్లు 12 వోల్టులు, మధ్యలో ప్లస్. ప్లగ్గు మాత్రం అదే సైజు, చక్కగా దిగుతుంది. ఒక్కసారి పెడితే డయోడ్ తనను తాను బలి ఇచ్చుకుని మిగతావాటిని కాపాడుతుంది. బ్యాటరీ తీసేసి, డయోడ్ ఒక కాలు టంకం విప్పి, మీటర్‌తో రెండు వైపులా చూడండి. రెండు వైపులా బీప్ వస్తే అది పోయినట్టే. రూపాయీ రెండు రూపాయల సరుకు. 1ఎన్4001 వేసుకోవచ్చు, గీత ఉన్న చివర పాతదానిలో ఎటు ఉందో అటే ఉండాలి.

పాత బాస్ పెడల్స్‌లో మరో చిక్కు ఉంది. బ్యాటరీతో బాగా పలికి, అడాప్టర్‌తో మాత్రం లైటు మసకబారి గొంతు పీలగా వస్తుంటే మీ పెడల్‌లో లోపమేమీ లేకపోవచ్చు. అడుగు రేకు మీద గానీ అడాప్టర్ రంధ్రం పక్కన గానీ ఏసీఏ అని రాసి ఉందేమో చూడండి. ఆ రోజుల్లో వాటిని స్థిరీకరించని, 12 వోల్టుల దాకా ఇచ్చే అడాప్టర్ కోసం తయారు చేశారు. లోపల ఒక రెసిస్టర్, డయోడ్ కలిసి కొన్ని వోల్టులు తగ్గిస్తాయి. ఇప్పటి పీఎస్ఏ రకం 9 వోల్టుల అడాప్టర్ పెడితే అది కూడా తగ్గిపోయి పెడల్ నీరసిస్తుంది. పీఎస్ఏ రకం పెడల్ మరొకటి ఉంటే రెండింటికీ ఒకే అడాప్టర్ నుంచి కరెంటిచ్చి, గిటార్ వైరుతో కలపండి. ఆ వైరు ద్వారా భూమి కలిసి, పాతది మామూలుగా పలుకుతుంది. రెసిస్టర్‌ను దాటవేస్తూ వైరు వేసేవారున్నారు. నేనైతే వద్దంటాను. మరెవరైనా ఎప్పుడో పాత అడాప్టర్ పెడితే ఏమవుతుందో ఆలోచించండి.

స్విచ్

ఈ రకం పెడల్స్‌లో కాలి కింది స్విచ్ గుండా ధ్వని వెళ్ళదు. చిన్న బటన్ ఒకటి ట్రాన్సిస్టర్ల జతకు సైగ చేస్తుంది, అవి ఎఫ్‌ఈటీ అనే మరో రకం ట్రాన్సిస్టర్ల చేత ధ్వనిని అటూ ఇటూ మళ్ళింపజేస్తాయి. నొక్కితే లైటు మారకపోతే బటన్ రెండు కాళ్ళనూ స్క్రూడ్రైవర్ మొనతో ఒక్క క్షణం కలిపి వదలండి. లైటు వెలిగి, మళ్ళీ కలిపితే ఆరితే లోపం బటన్‌దే. కొత్తది కొనేటప్పుడు ఎత్తు కొలిచి కొనండి. పొట్టిదైతే కాలి పలక దాన్ని అందుకోదు.

అలా కలిపినా మారకపోతే లోపం ట్రాన్సిస్టర్ల జతలో ఉంది. ట్రాన్సిస్టర్‌కు బేస్, ఎమిటర్, కలెక్టర్ అని మూడు కాళ్ళుంటాయి. ఆ రెండింటి కలెక్టర్ల దగ్గర వోల్టేజీ చూడండి. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ ఉండి, నొక్కినప్పుడల్లా స్థానాలు మారాలి.

ధ్వని ఎక్కడ ఆగిందో పట్టుకోవడం

కరెంటు వస్తోంది, లైటు వెలుగుతోంది, చప్పుడు లేదు. ఇక్కడ ఊహతో భాగాలు మార్చేవారే ఎక్కువ. అక్కర్లేదు, ధ్వనిని వెంబడించే పనిముట్టు ఇంట్లోనే చేసుకోవచ్చు.

పాత గిటార్ వైరు ఒక కొనను కోయండి. బయటి జాలీ తీగకు మొసలి క్లిప్ తగిలించండి. మధ్య తీగకు 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఒక కాలు టంకం వేసి, రెండో కాలును మొనగా వదలండి. రెండో కొన ఆంప్లిఫైయర్‌లోకి, వాల్యూమ్ బాగా తగ్గించి. క్లిప్‌ను పెడల్ భూమికి పెట్టాలి. కెపాసిటర్ డీసీని ఆపి ధ్వనిని మాత్రమే పోనిస్తుంది. ఇక ఫోనులో ఏదైనా సన్నాయి కచేరీ పెట్టి, సరైన ప్లగ్గు ఉన్న వైరుతో, తక్కువ వాల్యూమ్‌లో, పెడల్ ఇన్‌పుట్‌కు పంపండి. రెండు చేతులూ మీకే మిగులుతాయి.

పెడల్‌ను ముందు బైపాస్‌లో, అంటే ఎఫెక్ట్ ఆపిన స్థితిలో, ఉంచి మొదలుపెట్టండి. డీఎస్-1లో బైపాస్ ధ్వని కూడా మొదటి, చివరి బఫర్ (ధ్వని బలహీనపడకుండా ముందుకు పంపే) ట్రాన్సిస్టర్ల గుండానే వెళ్తుంది. బైపాస్‌లోనూ మూగే అయితే లోపం ఆ రెండింటి దగ్గరో, జాక్‌లలోనో ఉంది. బైపాస్ పలికి, ఎఫెక్ట్ మాత్రమే పలకకపోతే మధ్యలో వెతకాలి. సగం పని ఇక్కడే తెగిపోతుంది. మెకానికల్ స్విచ్ ఉన్న 1970ల నాటి పెడల్స్‌కు ఈ తర్కం వర్తించదు. అవి బైపాస్‌లో కరెంటు లేకున్నా పలుకుతాయి.

తర్వాత ధ్వని నడిచే వరుసలోనే మొనను ఆనించుకుంటూ వెళ్ళండి. ఇన్‌పుట్ జాక్, దాని వెంటనే ఉన్న కెపాసిటర్ అవతలి కాలు, మొదటి ట్రాన్సిస్టర్ బేస్, ఎమిటర్, ధ్వనిని పెంచే రెండో ట్రాన్సిస్టర్, చిప్, టోన్ నాబ్, లెవెల్ నాబ్. రెండో ట్రాన్సిస్టర్ దాటగానే సన్నాయి బాగా పెద్దదవుతుంది, ఆంప్లిఫైయర్ తగ్గించుకోండి. చిప్ తర్వాత ధ్వనిని నరికే డయోడ్ల జత దగ్గర సన్నాయి బరబరమంటూ చీలుతుంది. ఒక చోట ఉండి, పక్క చోట లేదంటే దొంగ ఆ రెండింటి మధ్యే ఉన్నాడు.

అక్కడ మళ్ళీ మీటర్ తీయండి. 4558 చిప్ ఉన్న పెడల్ అయితే 8వ కాలు దగ్గర దాదాపు 9 వోల్టులు, 4వ కాలు సున్నా, 1, 7 కాళ్ళ దగ్గర సుమారు 4.5 ఉండాలి. గుంట గుర్తు పైకి ఉంచి, ఎడమ పై మూల నుంచి గడియారానికి ఎదురు దిశలో కాళ్ళు లెక్కపెట్టండి. 1990ల తొలి ఏళ్ళ వరకూ వచ్చిన డీఎస్-1లలో కాళ్ళన్నీ ఒకే వరుసలో నిలబడే తోషిబా చిప్ ఉంటుంది, దాని లెక్క సర్క్యూట్ బొమ్మలో చూసుకోవాలి. 4.5 ఉండవలసిన చోట అన్నిచోట్లా తక్కువ ఉంటే చిప్‌ను అనుమానించకండి. 9ని సగం చేసే రెండు రెసిస్టర్లు, వాటి పక్కనున్న ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ చూడండి. ఆ కెపాసిటర్ కరెంటు కారుస్తుంటే సర్క్యూట్ మొత్తం కుంగుతుంది.

ఏవి మార్చాలి, ఏవి ముట్టకూడదు

పాత ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు లోపల ఎండిపోతాయి. హమ్ పెరిగినా, కింది స్వరాలు పలచబడినా వాటిని మార్చడం న్యాయమే. మైక్రోఫారడ్ విలువ అంతే ఉండాలి, వోల్టేజీ అంతే గానీ ఎక్కువ గానీ ఉండవచ్చు, మైనస్ గీత దిశ తప్పకూడదు. ఫిల్మ్ కెపాసిటర్లు, రెసిస్టర్లు, ట్రాన్సిస్టర్లు మాత్రం లోపం రుజువైతే తప్ప కదపకండి. పాత పెడల్ గొంతు వాటిలోనే ఉంది. పాత 4558 చిప్‌లకూ, కోరస్ పెడల్స్‌లోని ఎంఎన్3007 చిప్‌కూ నకిలీలు విరివిగా తిరుగుతున్నాయి, బాగున్నదాన్ని పీకి వాటిని వేస్తే ఉన్నదీ పోతుంది.

జర్మేనియం ట్రాన్సిస్టర్లున్న పాత ఫజ్ పెడల్ మీ చేతికొస్తే ఇంకో మాట. వేడికి వాటిలో కరెంటు లీకేజీ పెరుగుతుంది. మే నెల మధ్యాహ్నం రాజమండ్రిలో పరీక్షించి పాడైందని తేల్చకండి, చల్లబడ్డాక మళ్ళీ వినండి. వీటిలో చాలావాటికి భూమి ప్లస్ వైపు ఉంటుంది, మిగతా పెడల్స్‌తో ఒకే అడాప్టర్‌కు కలపకూడదు.

టంకం విషయంలో ఒక్కటే హెచ్చరిక. పాత బోర్డుల మీద రాగి గీత జిగురు బలహీనపడి ఉంటుంది. ఒక కాలు మీద ఐరన్‌ను మూడు సెకన్లకు మించి ఉంచవద్దు. ఊడిరాకపోతే ముందు కాస్త కొత్త సోల్డర్ కలిపి కరిగించి, అప్పుడు పంపుతో పీల్చండి. లాగితే భాగంతో పాటు గీత కూడా లేచి వస్తుంది.

తిప్పినప్పుడు కరకరలాడే పొటెన్షియోమీటర్‌కు దాని పక్క సందులోంచి కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, ఆ చివరి నుంచి ఈ చివరికి పాతికసార్లు తిప్పితే చాలు. కోనసీమలో ఏ మరమ్మతులోనైనా కొబ్బరినూనె చెయ్యి చాస్తుంది. ఇక్కడ మాత్రం రానివ్వకండి, దుమ్మును పట్టి ఉంచుతుంది.

మూసే ముందు

పెట్టెకు కొత్త రంగు వేయవద్దు. గీతలతో, చెరిగిన అక్షరాలతో ఉన్నదానికే విలువ. సబ్బునీటితో పిండిన గుడ్డతో తుడిస్తే సరిపోతుంది. నాబ్‌లు మాత్రం ఊడదీసి కడగవచ్చు.

ప్లాస్టిక్ పొరను మరవకుండా వేసి, మరలు బిగించే ముందే ఒకసారి వాయించి చూడండి. రేకు బిగించాక మాత్రమే చప్పుడు ఆగిపోతే ఏదో కాలు పొడుగ్గా ఉండి లోహానికి తగులుతోంది, కత్తిరించండి. మార్చిన భాగాలను చిన్న కవర్‌లో వేసి, ఏది ఎక్కడిదో, ఏ తేదీన మార్చారో కాగితం మీద రాసి పెడల్‌తో పాటే ఉంచండి. తర్వాత విప్పే మెకానిక్‌కు అది సగం పని తగ్గిస్తుంది.

దాచేటప్పుడు బ్యాటరీ తీసేయండి. మూత గట్టిగా పట్టే డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి. జాక్ రంధ్రాల్లో రబ్బరు బిరడాలు పెడితే కుమ్మరిపురుగుకు ఆ ఇల్లు దొరకదు.